అడవి దారా, ఏటి దారా? ఫ్రాన్స్ పల్లెల్లో నడవబోయే ముందు

ఫ్రాన్స్‌కి చదువుకో ఉద్యోగానికో వచ్చిన మనవాళ్ళు మొదటి ఏడాది ఐఫిల్ టవరూ రెండో ఏడాది ఆల్ప్స్ మంచూ చూసేస్తారు. మూడో ఏడాది నుంచి మొదలవుతుంది అసలు ప్రశ్న: "పల్లెల్లో నడవడానికి ఏదైనా మంచి దారుంటే చెప్పండి." నేను వెంటనే దారి పేరు చెప్పను. ఎన్ని రోజులు, కారుందా, పక్కన ఎవరు నడుస్తారు అని మూడు ప్రశ్నలు ఎదురు వేస్తాను. ఫొటోల్లో అన్ని దారులూ ఒకేలా ఉంటాయి. ఆకుల మధ్య ఎండ, రాతి వంతెన, దాని కింద నీళ్ళు. తేడా తెలిసేది సాయంత్రం నాలుగింటికి, కాళ్ళు పీకుతున్నప్పుడు, ఇంకా ఎంత దూరమో తెలియనప్పుడు.

అడవికీ లోయకీ మధ్య తేడా ముందు చెప్పేస్తాను, మిగతాదంతా దాని మీదే ఆధారపడింది. అడవి నడక సాధారణంగా చుట్టు తిరిగి బయల్దేరిన చోటికే వస్తుంది. అలసిపోతే అడ్డదారి పట్టి సగంలో ముగించవచ్చు. ఏటి దారి అలా కాదు, ఒక ఊళ్ళో మొదలై మరో ఊళ్ళో తేలుతుంది. అంటే తిరుగు బండి సంగతి ముందే చూసుకోవాలి. నీళ్ళ లెక్క కూడా చాలామంది అనుకునేదానికి తలకిందులు. చెట్లున్నచోట నీళ్ళుంటాయనుకుంటాం. కానీ ప్యారిస్ పక్కనున్న పెద్ద అడవి ఫోంటెన్‌బ్లోలో ఇసుకా, ఇసుకరాయీ తప్ప పారే వాగు దాదాపు లేదు, తాగే నీరంతా మోసుకెళ్ళాల్సిందే. లోయలో అయితే ఐదారు కిలోమీటర్లకో ఊరు, ఊరికో కుళాయి. ఊళ్ళో కుళాయి కనబడకపోతే శ్మశానానికి వెళ్ళండి. సమాధుల మీది పూలకుండీలకు పోయడానికి అక్కడ కుళాయి ఉంటుంది, ఇక్కడ నడిచేవాళ్ళంతా సీసాలు నింపుకునేది అక్కడే. మనకి మొదట్లో కాళ్ళు రావు, రెండోరోజుకి అలవాటైపోతుంది. "తాగడానికి పనికిరాదు" అని పలక ఉంటే మాత్రం వదిలేయండి.

ఇంకో భ్రమ, ఏటి ఒడ్డు దారి అంటే చదునుగా ఉంటుందని. దక్షిణ ఫ్రాన్స్‌లో నదులు సున్నపురాయిని కోసుకుంటూ పాములా మెలికలు తిరిగాయి. ఒడ్డున చాలాచోట్ల కొండ గోడలా నిలబడి ఉంటుంది, నడవడానికి చోటుండదు. దాంతో కాలిబాట కొండెక్కి, పైనున్న పీఠభూమి మీద కాసేపు నడిపించి, మళ్ళీ ఏటి దగ్గరికి దింపుతుంది. రోజుకి ఇలా రెండు మూడుసార్లు. కిలోమీటర్లు చూసి ధైర్యపడకండి, ఎక్కుడు ఎన్ని మీటర్లో చూడండి. మామూలు మనిషికి చదునులో గంటకి 4 కిలోమీటర్లు, ఎక్కేటప్పుడు గంటకి 300 మీటర్ల ఎత్తు అని లెక్కేసుకుంటే పెద్దగా తేడా రాదు.

దారి తప్పే భయం మాత్రం పెట్టుకోనక్కర్లేదు. దూరపు దారుల్ని ఇక్కడ జీఆర్ అంటారు, పక్కన ఒక నంబరు. చెట్ల మీద, రాళ్ళ మీద, కరెంటు స్తంభాల మీద పైన తెలుపు, కింద ఎరుపు రెండు అడ్డగీతలు గీసి ఉంటాయి. అవే రంగులు గుణకారం గుర్తులా ఉంటే అటు వెళ్ళొద్దని. ఒక్క పసుపు గీత ఉంటే అది ఆ ఊరి చుట్టూ తిరిగే చిన్న దారి. ఈ గీతల పద్ధతి 1947 నాటిది. ఆ ఏడాది ఆగస్టులో ఓర్లెయాన్, బోజాన్సీ ఊళ్ళ మధ్య లువార్ నది వెంబడి మొదటి జీఆర్ ముక్క తెరిచారు. గీతలు గీసేదీ, ముళ్ళపొదలు కొట్టేదీ ఎక్కువగా జీతం లేని స్వచ్ఛంద కార్యకర్తలే. పది నిమిషాలు నడిచినా గీత కనబడకపోతే తప్పారన్నమాట. ముందుకెళ్ళి వెతకొద్దు, చివరి గీత దాకా వెనక్కి రండి.

ఇక దారులు. ఒక్క శనివారమే చేతిలో ఉండి ప్యారిస్‌లోనో చుట్టుపక్కలో ఉంటున్నారనుకుందాం. పోటీ షెవ్రూజ్ లోయకీ ఫోంటెన్‌బ్లో అడవికీ మధ్యే.

షెవ్రూజ్‌కి ఆర్ఈఆర్ బి అనే లోకల్ రైలు దక్షిణం కొస, సాన్ రెమీ స్టేషన్‌లో దిగాలి. ఓర్సే, పలెజో వైపు చదువుకునే మన పిల్లలకి ఇది ఇంటి వెనక పెరడు లాంటిది, అయినా రెండేళ్ళు ఉండి ఒక్కసారీ ఆ కొస దాకా వెళ్ళనివాళ్ళు నాకు చాలామంది తెలుసు. స్టేషన్ నుంచి ఈవెట్ అనే చిన్న ఏటి వెంట షెవ్రూజ్ ఊరికి నడక. ఊళ్ళో కాలువ పక్కనే చిన్న చిన్న వంతెనల వరస, పాత చాకిరేవులు, ఒకప్పుడు తోళ్ళు పదును చేసిన ఇళ్ళు. పైన గుట్ట మీద మాద్లెన్ కోట. నాటకకర్త రసీన్ 1661లో ఆ కోటలో పనులు చూసుకోవడానికి వచ్చాడు. ఆయన పేరుతో షెవ్రూజ్ నుంచి పోర్ రొయాల్ పాత మఠం దాకా ఒక దారి ఉంది. ఎక్కుడు తక్కువ, అడవీ పొలాలూ మార్చి మార్చి వస్తాయి. అమ్మానాన్నలు ఇండియా నుంచి వచ్చినప్పుడు నేను తీసుకెళ్ళేది ఇక్కడికే. నాన్న మోకాళ్ళు మొరాయిస్తే షెవ్రూజ్ సంత వీధిలో కాఫీ తాగి వెనక్కి తిరగొచ్చు. నవంబరు నుంచి మార్చి దాకా బంకమట్టి, బూట్లకి కిలో కిలో అంటుకుంటుంది. తెల్ల స్నీకర్లతో వెళ్ళిన మా బంధువులు నన్నింకా క్షమించలేదు.

ఫోంటెన్‌బ్లో తరహా వేరు. ప్యారిస్‌లోని గార్ ద లియోన్ స్టేషన్ నుంచి ఆర్ లైన్ రైలు, ముప్పావుగంటలోపే. ఓక్, బీచ్, పైన్ చెట్ల మధ్య ఏనుగుల మంద పడుకున్నట్టు ఇసుకరాతి బండలు. మన హంపీ చూసినవాళ్ళకి ఆ బండలు కొత్తగా అనిపించవు, వాటి మధ్య తెల్లటి సముద్రపు ఇసుక మాత్రం ఆశ్చర్యపరుస్తుంది. ఈ అడవిలో నడక దారులకి గుర్తులు పెట్టడం 1842లోనే మొదలైంది. నెపోలియన్ సైన్యంలో పనిచేసిన దెనెకూర్ అనే ఆయన మిగిలిన జీవితమంతా బండల మధ్య దారులు వెతికి, చెట్ల మీద నీలం గీతలు గీస్తూ గడిపాడు. ఆ నీలం గీతలు ఇప్పటికీ ఉన్నాయి, చూడదగ్గ బండల మీద అంకెలూ అక్షరాలూ రాసి ఉంటాయి. పక్కనే బార్బిజోన్‌లో మకాం వేసిన చిత్రకారులు చెట్లు నరకొద్దని గోల చేయగా 1861లో వెయ్యి హెక్టార్లకి పైగా అడవిని "కళాకారుల కోసం" రక్షిస్తూ ఉత్తర్వు వచ్చింది. అమెరికాలో యెల్లోస్టోన్ జాతీయ పార్కు కంటే 11 ఏళ్ళు ముందు.

ఇక్కడ కుర్రకారు అడిగేది "25 గుట్టల దారి". ఆ దారి దూరం పదహారు, పదిహేడు కిలోమీటర్లే, కానీ ఎక్కడం దిగడం, ఎక్కడం దిగడం, మధ్యలో చేతులు కూడా వాడాలి. ఆల్ప్స్‌కి వెళ్ళేవాళ్ళు సాధన చేసేది దీని మీదే. కారు లేకపోతే దాని మొదలుకి చేరడం కష్టం, అందుకే మొదటిసారి వెళ్ళేవాళ్ళకి నేను వద్దంటాను. బదులుగా ఫోంటెన్‌బ్లో-ఆవోన్ స్టేషన్‌లో దిగి అడవి గుండా మొరే సుర్ లువాన్ ఊరికి నడవండి. పొద్దంతా బండలూ ఇసుకా, చివర్లో ఒక్కసారిగా లువాన్ నది, దాని మీద పాత వంతెన, కోట ద్వారాలు. చిత్రకారుడు సిస్లే 1899లో పోయేదాకా ఈ చుట్టుపక్కలే ఉండి ఆ వంతెననీ చర్చినీ పదేపదే గీశాడు. రెండు కొసల్లోనూ ఒకే లైను స్టేషన్లు, కాబట్టి తిరుగు గొడవ లేదు. అడవా, ఏరా అని తేల్చుకోలేనివాళ్ళకి ఒక్కరోజులో రెండూ దొరికే దారి ఇదే.

ఖర్చు గురించి ఒక్కమాట. 2025 జనవరి నుంచి ప్యారిస్ ప్రాంతమంతా రైలు టికెట్టు ఒకే ధరకి వచ్చింది, అప్పుడు 2.50 యూరోలు. షెవ్రూజ్ అయినా ఫోంటెన్‌బ్లో అయినా అంతే. నెల పాస్ ఉన్నవాళ్ళకి అదీ లేదు. అందుకని ఈ రెండింటి మధ్య డబ్బు చూసి ఎంచుకోనక్కర్లేదు. ముసలివాళ్ళూ పిల్లలూ ఉంటే షెవ్రూజ్, వాన పడి ఉంటే ఫోంటెన్‌బ్లో. ఇసుక నీళ్ళని గంటలో పీల్చేస్తుంది.

నాలుగు రోజులు చిక్కితే ఇక నా మనసు ఒక్కచోటికే పోతుంది, నైరుతి ఫ్రాన్స్‌లోని సెలే ఏటి లోయ. తులూజ్‌లో విమానాల కంపెనీల్లో పనిచేసే మనవాళ్ళకి ఇంకా దగ్గర, ఫిజాక్‌కి నేరుగా రైలుంది. ఈజిప్టు చిత్రలిపిని విప్పిన శాంపొలియోన్ పుట్టిన ఊరది. ల ప్యుయీ నుంచి స్పెయిన్ సరిహద్దు దాకా వెళ్ళే యాత్రికుల దారి జీఆర్ 65 ఫిజాక్ మీదుగా పోతుంది. ఊరు దాటాక బెద్యుయే దగ్గర దాన్నుంచి జీఆర్ 651 చీలి, ఎడమకి పోయే గుంపుని వదిలి, సెలే ఏటి వెంట దిగుతుంది. పెద్ద దారిలో వసంతంలో బస దొరకడమే గగనం. ఈ చీలికలో పొద్దున్నుంచి మధ్యాహ్నం దాకా నలుగురు కనబడితే ఎక్కువ.

మొదటి మజిలీ ఎస్పాన్యాక్. ఒకప్పటి సన్యాసినుల మఠం, కర్ర పలకల గంటస్తంభం, పక్కనే సెలే. ఆ మఠం గదుల్లోనే ఊరి బస ఉంది. రెండో రోజు మర్సియాక్, పైకప్పు కూలిన బెనెడిక్టైన్ మఠం మధ్యలో ఆకాశం. ఈ రెండు రోజుల్లోనే నేను పైన చెప్పిన ఎక్కుడు దిగుడు అనుభవానికి వస్తుంది. పైన పీఠభూమిని కోస్ అంటారు. పొట్టి ఓక్ చెట్లు, సున్నం లేకుండా పేర్చిన రాతి గోడలు, కళ్ళ చుట్టూ నల్లగా ఉండే తెల్ల గొర్రెలు. పసిపిల్లలకి అమ్మమ్మలు పెట్టే కాటుకలా ఉంటుంది, ఎన్నిసార్లు చూసినా నవ్వొస్తుంది. మూడో రోజు కాబ్రెరే. ఆ ఊరి పైన పెష్ మెర్ల్ గుహ ఉంది. 1922లో ఇద్దరు కుర్రాళ్ళు పాక్కుంటూ లోపలికెళ్ళి కనిపెట్టారు. గోడ మీది చుక్కల గుర్రాల బొమ్మ 29,000 ఏళ్ళ నాటిదని లెక్క. ఇలాంటి బొమ్మలకే పేరుపడ్డ లాస్కో గుహకి వెళ్తే చూపించేది నకలు, ఇక్కడ చూసేది అసలు. రోజుకి ఇంతమందినే పంపుతారు, చలికాలం మూసేస్తారు, కాబట్టి బస కంటే ముందు గుహ టికెట్టు తీసుకుని దాన్నిబట్టి తేదీలు కుదుర్చుకోండి.

నాలుగో రోజు చిన్నది. బూజియెస్ దగ్గర సెలే వచ్చి లోత్ నదిలో కలుస్తుంది. అక్కడి నుంచి సాన్ సీర్ లపోపీ వైపు లోత్ ఒడ్డున, కొండ గోడని సగం సొరంగంలా తొలిచిన బాట. 19వ శతాబ్దంలో సరుకు పడవల్ని ఒడ్డు నుంచి తాళ్ళతో లాగడానికి చెక్కించింది. తల మీద రాయి, పక్కన ఆకుపచ్చ నీళ్ళు. ఈ మొత్తం నడకలో నిజంగా చదునైన ఏటి దారి అంటే ఇదొక్కటే! సాన్ సీర్ చాలా అందమైన ఊరే కానీ జూలై, ఆగస్టుల్లో తిరుపతి కొండ మీద శనివారంలా ఉంటుంది. సాయంత్రం కార్లు వెళ్ళిపోయాక చేరి, పొద్దున అవి రాకముందే బయటపడాలి. కింద తూర్ ద ఫోర్ నుంచి కాహోర్‌కి బస్సు, కాహోర్ నుంచి ప్యారిస్‌కీ తులూజ్‌కీ రైలు.

వారం, పది రోజులున్నవాళ్ళకి స్టీవెన్సన్ దారి, జీఆర్ 70. సెవెన్ కొండల మీదుగా పోతుంది. సెవెన్ కొండలన్నానని ఏడుకొండలు అనుకోకండి, ఫ్రెంచిలో ఆ కొండల పేరే అది. స్కాట్లండ్ రచయిత స్టీవెన్సన్ 1878 సెప్టెంబరు 22న మొనస్తియేలో మొదెస్తీన్ అనే గాడిదతో బయల్దేరి 12 రోజుల్లో సాన్ జాన్ ద్యు గార్ చేరాడు. గాడిదని కొన్నది 65 ఫ్రాంకులకి, పైగా ఒక గ్లాసు బ్రాందీ. గాడిద మొరాయింపుతో పడిన తిప్పలన్నీ మరుసటి ఏడాది పుస్తకంగా వేసి డబ్బు చేసుకున్నాడు. ఇప్పటికీ ఆ దారిలో గాడిదని అద్దెకిస్తారు. చిన్నపిల్లలున్న కుటుంబాలకి అది మంచి ఉపాయమే, సామాను అది మోస్తుంది, పిల్లలు దాని వెంట మారు మాట్లాడకుండా నడుస్తారు. పెద్దవాళ్ళకి మాత్రం గంటకి 3 కిలోమీటర్ల వేగం సహించే ఓర్పు కావాలి.

మొత్తం 220 కిలోమీటర్లూ నడవాలని పట్టు పట్టకండి. ఉత్తరాన పీఠభూమి మీద రెండు రోజులు పచ్చిక బయళ్ళూ గాలీ తప్ప పెద్దగా ఏమీ ఉండదు. అసలు రుచి షాసెరదెస్ నుంచి ఫ్లొరాక్ దాకా. షాసెరదెస్‌లో చిన్న రైలు ఆగుతుంది. అక్కడి నుంచి బ్లేమార్, మర్నాడు మోన్ లొజేర్ అనే కొండ శిఖరం ఫినియెల్, 1,699 మీటర్లు. పలెజో పక్కన లొజేర్ అనే స్టేషన్‌లో రోజూ దిగి మెట్లెక్కి కాలేజీకి పోయే కుర్రాళ్ళారా, అసలు లొజేర్ ఇది! కొండ నెత్తిన చెట్టన్నది లేదు, పొగమంచులో దారి తప్పకుండా పూర్వం నాటిన నిలువురాళ్ళ వరస ఉంది, దాన్ని పట్టుకుని నడవాలి. దిగితే తార్న్ నది ఒడ్డున పోన్ ద మోన్‌వేర్. 1702 జూలైలో ప్రొటెస్టెంట్ల తిరుగుబాటు రాజుకున్నది ఈ చిన్న ఊళ్ళోనే. ఇప్పుడు వంతెన పక్క బల్లల దగ్గర కూర్చుని నీళ్ళలో కాళ్ళు పెట్టుకోవచ్చు. ఫ్లొరాక్ దాకా మిగిలిన రోజు చాలా పొడుగు, కావాలంటే రెండుగా విరగ్గొట్టండి. ఆ కింద నుంచి చెస్ట్‌నట్ అడవులు మొదలవుతాయి. పంట పండని ఈ కొండల్లో శతాబ్దాల పాటు జనానికి అన్నం పెట్టింది ఆ చెట్టే, దాన్ని "రొట్టె చెట్టు" అనేవాళ్ళు. అక్టోబరులో కాయలు కాలికింద పరిచి ఉంటాయి, కానీ చాలావరకు ఎవరివో ఒకరి తోటలు. బాట మీద పడ్డవి రెండు ఏరుకోవడం వేరు, సంచీ నింపుకోవడం వేరు.

సెలేకీ దీనికీ మధ్య తేల్చుకోవాలంటే నాకు కొలత బస. సెలేలో మజిలీలు దగ్గర దగ్గర, అనుకున్న ఊరు చేరకపోయినా ముందు ఊళ్ళో ఆగొచ్చు. లొజేర్ మీద ఆ వెసులుబాటు లేదు, బయల్దేరితే కొండ దాటాల్సిందే. మొదటిసారి సంచీ వేసుకుని నడిచేవాళ్ళు సెలే, రెండోసారి లొజేర్.

కొన్నిటిని నేనెందుకు చెప్పలేదో కూడా చెప్పాలి. లువార్ వెంట జీఆర్ 3 చరిత్రలో మొదటిదే, కానీ మధ్యభాగమంతా కరకట్ట మీద బల్లపరుపు నడక. అది సైకిల్ తొక్కాల్సిన నది. తార్న్ గండి అద్భుతం, అయితే దాన్ని కింద నుంచి పడవలో చూడటం నయం, బస్సులు కూడా తక్కువ. మోర్వాన్ అడవి మీద నాకు సగం ప్రేమ. ప్యారిస్ పొయ్యిలకి శతాబ్దాల పాటు కట్టెలు ఇక్కడి నుంచే వాగుల్లో తేలుతూ వెళ్ళాయి, ఆ కట్టెలకి నీళ్ళు వదలడానికే సెట్టోన్ చెరువు కట్టారు. కానీ పాత అడవి కొట్టేసి వరసలుగా నాటిన డగ్లస్ చెట్లు చాలాచోట్ల ఉన్నాయి. ఒక వంపు తిరిగితే కొండంతా గొరిగేసినట్టు కనబడుతుంది.

కాలం గురించి. సెలేకి ఏప్రిల్ చివర నుంచి జూన్ మొదటి వారం దాకా, లేదా సెప్టెంబరు. నడివేసవిలో కోస్ మీద నీడ ఉండదు, మన రోహిణి కార్తె గుర్తొస్తుంది. లొజేర్‌కి మే మధ్య దాకా ఆగాలి, పైన మంచు పూర్తిగా పోదు, బసలు తెరవరు. శరదృతువు బాగుంటుంది కానీ రెండు జాగ్రత్తలు. మధ్యధరా సముద్రం వైపు నుంచి తేమగాలి వచ్చి సెవెన్ కొండలకి తగిలి ఒక్క రోజులో నెల వాన కురిసే రోజులుంటాయి, వాగులు గంటల్లో పొంగుతాయి. వాతావరణ శాఖ నారింజ రంగు హెచ్చరిక ఇస్తే ఆ రోజు ఊళ్ళోనే ఉండిపోండి. ఇక సెప్టెంబరు నుంచి ఫిబ్రవరి దాకా వేట. దారి మొదట్లో "వేట జరుగుతోంది" అనే పలక ఉంటే వేరే దారి పట్టండి, రంగు బట్టలు వేసుకోండి. వసంతం నుంచి గడ్డిలో టిక్ పురుగులు. మన పశువులకి పట్టే గోమార్ల లాంటివే, కానీ వీటివల్ల లైమ్ జబ్బు రావచ్చు. సాయంత్రం స్నానం ముందు మోకాళ్ళ వెనకా నడుం దగ్గరా చూసుకోవడం మరవొద్దు.

తిండి సంగతి రాయకపోతే మనవాళ్ళకి ఈ సలహా సగమే. నడిచేవాళ్ళ బసని జీత్ అంటారు. పడకా, రాత్రి భోజనం, పొద్దున రొట్టే కాఫీ కలిపి మనిషికి రమారమి 50 యూరోలు. ఏడున్నరకి అందరూ ఒకే బల్ల దగ్గర, పెట్టిందే తినాలి. శాకాహారులు బస ఫోనులో ఖాయం చేసుకునేటప్పుడే చెప్పాలి, అక్కడికి చేరాక చెబితే ఆమ్లెట్టే గతి. "మాంసం తినను" అంటే చాలదు, సలాడ్‌లో సన్నగా తరిగిన పంది ముక్కలు కొందరి లెక్కలో మాంసం కిందికి రావు. "మాంసం, పంది ముక్కలు, చేప మూడూ వద్దు" అని విడివిడిగా చెప్పండి. ల ప్యుయీ వైపు ఆకుపచ్చ పెసర్ల లాంటి పప్పు పండుతుంది. మామూలుగా సాసేజ్‌తో వండుతారు, ముందే అడిగితే విడిగా పెడతారు. నేను జేబులో కందిపొడి చిన్న డబ్బా పెట్టుకెళ్తాను. ఒకసారి బల్ల మీద పెడితే పక్కనున్న రైతు చీజ్ మీద చల్లుకుని తిని, కళ్ళ నీళ్ళు తుడుచుకుని, మళ్ళీ డబ్బా అడిగాడు.

చివరిగా, బస్సు పట్టిక. పల్లె బస్సులు చాలావరకు బడిపిల్లల కోసం నడిచేవి, బడి సెలవుల్లో అవే గంటలకి రావు. కొన్ని అయితే ముందురోజు ఫోను చేస్తేనే వస్తాయి. పట్టిక అడుగున సన్నటి అక్షరాల్లో ఆ సంగతి రాసి ఉంటుంది. నేను ఒక మే నెల సెలవురోజున అది చదవకుండా ఒక ఊరి స్టాపులో రెండు గంటలు కూర్చున్నాను, ఆఖరికి కోళ్ళ దాణా వేసుకుపోతున్న వ్యాన్ ఎక్కించుకుంది. కాబట్టి తిరుగు ప్రయాణం ముందు రాసుకోండి, అక్కడి నుంచి వెనక్కి మజిలీలు లెక్కేసుకోండి, బసలకి ఫోన్లు ఆ తర్వాత చేయండి.